పైన్ కాయకు రంగు పూయకండి

కొడైకెనాల్ నుంచో, ఊటీ నుంచో, నైనిటాల్ నుంచో తిరిగొచ్చిన కుటుంబం సంచి దులిపితే అడుగున రెండు మూడు పైన్ కాయలు దొర్లుతాయి. పెద్దవాళ్ళు శాలువాలూ చాక్లెట్లూ కొనుక్కుంటే, పిల్లలు చెట్ల కింద తిరిగి కాయలు ఏరుకుంటారు. ఇల్లు చేరాక ఆ కాయ కొన్నాళ్ళు షోకేసులో ఉంటుంది. డిసెంబరు రాగానే దానికి బంగారు రంగు పూసి, మెరుపుల పొడి చల్లి, జిగురుతో అట్టకు అతికించి స్కూలుకు పంపుతారు. టీచరు మార్కులు వేస్తారు. అంతటితో ఆ కాయ పని అయిపోయింది.

రంగు డబ్బా మూత తీయకముందు ఒక్కసారి దాన్ని గిన్నెడు నీళ్ళలో ముంచి చూడండి.

విచ్చుకుని ఉన్న కాయ నీళ్ళలో పడిన కాసేపటికి పొలుసులు నెమ్మదిగా లోపలికి వాలడం మొదలవుతుంది. గోరువెచ్చని నీళ్ళయితే ఇంకా త్వరగా వాలుతాయి. గంటా రెండు గంటలు గడిచేసరికి కాయ బిగిసి, సన్నబడి, గుర్తుపట్టలేనట్టు మారిపోతుంది. తీసి ఎండలో పెడితే మళ్ళీ విచ్చుకుంటుంది. ఎన్నిసార్లు ముంచినా ఇదే వరస. చెట్టు నుంచి రాలి ఏళ్ళు గడిచిన కాయ కూడా ఇలాగే కదులుతుంది. అందులో ప్రాణం లేదు, మోటారు లేదు, బ్యాటరీ లేదు. మరి కదిలిస్తున్నదేమిటి? ఈ ప్రశ్న పిల్లల నోటి నుంచే రావాలి. అందాకా పెద్దవాళ్ళు ఓపిక పట్టి ఊరుకోవాలి. జవాబు మనమే ముందు చెప్పేస్తే వాళ్ళకు చూడటానికి ఇక ఏమీ మిగలదు.

పొలుసులో రెండు పొరలు

ప్రతి పొలుసులోనూ రెండు రకాల పొరలుంటాయి. బయటివైపు పొర తడి పీల్చుకుని పొడవుగా సాగుతుంది. లోపలివైపు పొర అంతగా సాగదు. ఒకవైపు సాగి ఇంకోవైపు సాగకపోతే పొలుసు వంగక తప్పదు. ఆరినప్పుడు బయటి పొర కుంచించుకుపోయి పొలుసు వెనక్కి వాలుతుంది. డాసన్, విన్సెంట్, రోకా అనే ముగ్గురు పరిశోధకులు 1997లో ‘నేచర్’ పత్రికలో ఈ పనితీరును వివరించారు. కణాల గోడల్లో సన్నని సెల్యులోజ్ పోగులు ఎటువైపు చుట్టుకుని ఉన్నాయన్నదే ఇందులో కీలకమని వాళ్ళు తేల్చారు.

చెట్టుకు దీనితో అవసరం ఉంది. పైన్ గింజకు పలుచని రెక్క ఉంటుంది. వానలో తడిసిన రెక్క ఎగరదు, తల్లి చెట్టు మొదట్లోనే పడిపోతుంది. అందుకే ముసురు పట్టినప్పుడు కాయ తలుపులు మూసుకుంటుంది. గాలి పొడిగా ఉన్న రోజు తెరుచుకుని గింజను సాగనంపుతుంది.

ఇదే సూత్రాన్ని ఇంట్లో కాగితంతో చేయించవచ్చు. న్యూస్‌పేపరు నుంచి రెండంగుళాల వెడల్పు పట్టీలు రెండు కత్తిరించాలి. ఒకటి కాగితం నిలువునా, రెండోది అడ్డంగా. రెండింటికీ ఒకవైపు సెల్లో టేపు నిండుగా అంటించి, రెండోవైపు వేలితో నీళ్ళు రాయాలి. కాగితం తడిసి సాగుతుంది, టేపు సాగదు, పట్టీ చుట్టుకుపోతుంది. రెండు పట్టీల్లో ఒకటి ఎక్కువగా, ఇంకొకటి తక్కువగా వంగుతుంది. కాగితంలో నార ఎక్కువగా ఒకే దిక్కుకు పడుకుని ఉంటుంది, తడిస్తే ఆ నార పొడవులో కన్నా మందంలో ఎక్కువ ఉబ్బుతుంది. ఏ పట్టీ ఎక్కువ వంగిందో చూసి, నార ఏ దిక్కున ఉందో పదేళ్ళ పిల్ల కూడా చెప్పేయగలదు.

జర్మనీలోని స్టుట్‌గార్ట్ విశ్వవిద్యాలయంలో వాస్తుశిల్పి అఖిమ్ మెంగెస్ బృందం పైన్ కాయ స్ఫూర్తితో, గాలిలో తేమను బట్టి తనంతట తాను మూసుకుని తెరుచుకునే చెక్క రేకుల నిర్మాణాన్ని తయారుచేసి 2012లో పారిస్‌లోని పాంపిడూ కేంద్రంలో ప్రదర్శించింది. ఆ రేకులు కదలడానికి కరెంటుతో పనిలేదు. ఏడో తరగతి పిల్లవాడు టేపు అంటించిన కాగితంతో చేసేదీ ఆ వాస్తుశిల్పులు చేసిందీ మూలంలో ఒకటే పని.

జపాన్ పిల్లలు ఇష్టంగా చేసే సీసా బొమ్మకు ఆధారం కూడా ఇదే. తడిసి ముడుచుకున్నప్పుడు సీసా మూతిలో దూరేటంత, విచ్చుకుంటే దూరనంత ఉండే కాయను ఎంచుకోవాలి. దాన్ని నానబెట్టి, ముడుచుకున్నాక సీసాలోకి జార్చి, మూత పెట్టకుండా ఎండ తగిలే కిటికీలో ఉంచాలి. ఆరాక లోపల విచ్చుకుని కాయ బయటికి రాదు. ఇంటికొచ్చిన చుట్టాలు ఇది లోపలికెలా వెళ్ళిందని అడుగుతారు. చేసిన పిల్లవాడు వాళ్ళకు వివరించి చెబుతాడు. చెప్పేటప్పుడే వాడికి ఆ సంగతి పూర్తిగా తలకెక్కుతుంది. రంగూ జిగురూ దట్టంగా పట్టించిన కాయతో ఇవేవీ కుదరవు. పూత పడితే పొలుసులు సరిగా కదలవు. రంగు పూయవద్దని ఇంతగా చెప్పడం అందుకే.

లఘువు, గురువు, పైన్ కాయ

తడిసి ముడుచుకున్న కాయను తిరగేసి కాడ వైపు నుంచి చూస్తే పొలుసులు సుడులు తిరుగుతూ వరసలు కట్టి కనిపిస్తాయి. కొన్ని వరసలు కుడికి, కొన్ని ఎడమకు తిరుగుతాయి. ఒక్కో వరస వెంట ఒక్కో రంగు ఊలు దారం పరిచి లెక్కపెట్టించండి. చాలా కాయల్లో ఒకవైపు 8, ఇంకోవైపు 13 వస్తాయి. కొన్ని జాతుల్లో 5, 8 వస్తాయి.

ఈ అంకెలు తెలుగు పిల్లలకు ఇంకోచోట కూడా దొరుకుతాయి. హైస్కూల్లో ఛందస్సు చెప్పేటప్పుడు లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు అని నేర్పుతాం కదా. మూడు మాత్రల కాలాన్ని ఎన్ని రకాలుగా నింపవచ్చో చప్పట్లతో చేయించండి. లఘువుకు చిన్న చప్పట్లు, గురువుకు కొట్టి ఆగే చప్పట్లు. మూడు లఘువులు, లఘువు-గురువు, గురువు-లఘువు, మొత్తం 3 రకాలు. నాలుగు మాత్రలకు 5 రకాలు. రెండు గురువులు ఒకటి. ఒక గురువు, రెండు లఘువులైతే గురువు మొదట, నడుమ, చివర వచ్చి మూడు. నాలుగూ లఘువులే అయితే ఒకటి. ఐదు మాత్రలకు 8 రకాలు వస్తాయి, ఆరు మాత్రలకు 13. కాయ మీద లెక్కపెట్టిన అంకెలే ఇవి.

ప్రతి అంకే దాని ముందున్న రెండింటి మొత్తం. ఎందుకంటే వరస చివర వచ్చేది లఘువైనా కావాలి, గురువైనా కావాలి. లఘువైతే మిగిలింది ఒక మాత్ర తక్కువ, గురువైతే రెండు మాత్రలు తక్కువ. ఛందశ్శాస్త్రకారులు విరహాంకుడు, ఆ తరవాత 12వ శతాబ్దిలో హేమచంద్రుడు ఈ లెక్క చెప్పారు. ఇటలీలో ఫిబొనాచి 1202లో రాసిన పుస్తకంతో ప్రపంచానికి ఆయన పేరుతో తెలిసింది. కాయకు ఛందస్సు తెలియదనుకోండి. పెరిగే కొన దగ్గర ప్రతి కొత్త పొలుసూ ముందుదానికి సుమారు 137.5 డిగ్రీల ఎడంగా మొలుస్తుంది. అలా మొలిస్తే సందు మిగలకుండా పొలుసులన్నీ సర్దుకుంటాయి, మనం లెక్కపెట్టినప్పుడు ఈ అంకెలు తేలతాయి. లెక్కల మాస్టారూ తెలుగు మాస్టారూ ఒకే పీరియడ్‌లో ఒకే కాయ పట్టుకుని నిలబడే అవకాశం ఇంకెక్కడ దొరుకుతుంది?

రెక్క ఉన్న గింజ, లేని గింజ

పైన్ గింజలు పండు లోపల దాగి ఉండవు. పొలుసు పైముఖాన, మొదలు దగ్గర రెండేసి చొప్పున బయటికే కూర్చుని ఉంటాయి. పాఠ్యపుస్తకంలో ‘వివృతబీజాలు’ అని బట్టీపట్టిన మాటకు అర్థం ఇది. ఏరుకొచ్చిన కాయలు చాలావరకు ఖాళీ అయి ఉంటాయి. అయినా పొలుసుల సందుల్లో వెతికితే ఒకటి రెండు గింజలు చిక్కుతాయి. డాబా మీద నుంచి వదిలితే రెక్క గిరగిరా తిరుగుతూ దిగుతుంది. రెక్క సగం కత్తిరించి ఇంకో గింజను వదలండి. ఎంత దూరం వెళ్ళిందో టేపుతో కొలిచి రాయించండి. గింజ దొరక్కపోతే మన రోడ్ల పక్కన వేసవిలో రాలే నెమలినార కాయలతో ఇదే ఆట ఆడవచ్చు. వాటికి చుట్టూతా రెక్కే.

డ్రైఫ్రూట్ దుకాణంలో దొరికే చిల్గోజా కూడా పైన్ గింజే. హిమాచల్‌లోని కిన్నౌర్ జిల్లా దానికి పేరుమోసింది. బరువైన ఆ గింజకు రెక్క నామమాత్రం, గాలి మోయలేదు. పక్షులూ జంతువులూ ఎత్తుకెళ్ళి పాతిపెట్టి మరిచిపోతేనే మొలకెత్తాలి. ధర బాగా పలుకుతుంది కాబట్టి జనం కాయలన్నీ కోసేస్తున్నారు. అడవిలో కొత్త మొక్కలు రావడం తగ్గిపోయింది. పలుకులు నాలుగు కొని పిల్లల చేతిలో పెట్టినప్పుడు ఈ మాట కూడా చెప్పాలి.

సూది ఆకుల జడ

పైన్ ఆకు సూదిలా ఉంటుందని అందరికీ తెలుసు. ఆ సూదులు విడివిడిగా కాక కట్టలుగా పుడతాయన్నది చేతిలోకి తీసుకుంటేనే తెలుస్తుంది. కట్టకు ఎన్ని సూదులో లెక్కపెట్టడం పైన్‌లను గుర్తుపట్టడానికి తొలి మెట్టు. హిమాలయాల దిగువ వాలుల్లో పెరిగే చీర్ పైన్‌కు మూడు. ఇంకా ఎత్తున పెరిగే కైల్‌కు ఐదు. యూరప్‌లోని స్కాట్స్ పైన్‌కు రెండు. దేవదారుకు గుత్తులుగా పొట్టి ఆకులుంటాయి, అది పైన్ కాదు. మూడు సూదులను దగ్గరగా చేర్చి వేళ్ళ మధ్య దొర్లిస్తే గుండ్రని ఒకే పుల్ల అవుతాయి. విడదీస్తే ఒక్కోటి మూడు మూలలుగా ఉంటుంది. గుండ్రంలో మూడోవంతు అంటే ఏమిటో చూపించడానికి ఇంతకన్నా మంచి వస్తువు నాకు తెలియదు.

చీర్ పైన్ సూదులు 20 నుంచి 30 సెంటీమీటర్ల పొడవుంటాయి. కుమావూ, గఢ్వాల్ కొండల్లో రాలిన ఈ ఆకును పిరూల్ అంటారు. వేసవిలో అది అడుగు పెడితే జారేంత మందంగా పరుచుకుంటుంది. జిగట నూనె ఉన్న ఆకు కాబట్టి ఒక్క నిప్పురవ్వ చాలు. మే, జూన్ నెలల్లో ఉత్తరాఖండ్ అడవులు తగలబడ్డాయన్న వార్తల వెనక ఈ ఆకు పాత్ర పెద్దది. 2024లో ఆ రాష్ట్ర ప్రభుత్వం పిరూల్ ఏరి తెచ్చినవారికి కిలోకు 50 రూపాయలు ఇస్తామని ప్రకటించింది. అక్కడి మహిళా సంఘాలు ఈ ఆకుతో బుట్టలు, పళ్ళేలు, రాఖీలు అల్లుతున్నాయి. అల్లే ప్రతి బుట్టతో అడవిలో కాలే సరుకు ఆ మేరకు తగ్గుతుంది. చేతిపని అంటే కాలక్షేపం అనుకునే పిల్లలకు ఈ కొండ ఊళ్ళ సంగతి తప్పక చెప్పాలి.

అమెరికాలో లూసియానాకు చెందిన కౌషట్టా ఆదివాసులు అడుగున్నర దాకా పెరిగే లాంగ్‌లీఫ్ పైన్ ఆకుతో బుట్టలు అల్లడంలో దిట్టలు. జంతువుల ఆకారంలో కూడా అల్లుతారు. వీళ్ళ పద్ధతి చుట్ట అల్లిక. పదేళ్ళు దాటిన పిల్లలకు నేర్పవచ్చు. ఎండు సూదులను గోరువెచ్చని నీళ్ళలో నానబెడితే విరగకుండా వంగుతాయి. కూల్‌డ్రింకు స్ట్రా ముక్కను అంగుళం పొడవున కత్తిరించి, అందులో పట్టినన్ని సూదులు దూర్చాలి. ఆ ముక్కే కొలత, కట్ట ఎక్కడా లావూ సన్నమూ కాకుండా చూస్తుంది. కట్ట కొనను చుట్టగా తిప్పి, దబ్బనంతో గట్టి దారం కుట్టుకుంటూ, ముందు వరసకు కొత్త వరసను కలుపుతూ పోవాలి. స్ట్రా ఖాళీ అవుతున్నకొద్దీ కొత్త సూదులు దూర్చాలి. మొదట గ్లాసు కింద పెట్టే చిన్న బిళ్ళ అల్లితే చాలు. చిన్నపిల్లలకైతే ఒక కట్టలోని మూడు సూదులను మూడు పాయల జడగా అల్లడమే తగిన పని. కట్ట మొదలు ఊడకుండా పట్టుకుని ఉంటుంది కాబట్టి ముడి వేయక్కర్లేదు.

అట్లాంటా, రాలీ శివార్లలో ఇళ్ళు కట్టుకున్న తెలుగువాళ్ళకు పెరట్లో రాలిన లాబ్లాలీ పైన్ ఆకు ఊడ్చుకోవడం ఏటా ఉన్న పనే. దానికీ కట్టకు మూడు సూదులే. మనవల్ని చూడటానికి ఆరు నెలలు అక్కడ ఉండి, పొద్దుపోక కిటికీలోంచి చూస్తూ కూర్చునే అమ్మమ్మలు, నాయనమ్మలు చాలామంది చిన్నప్పుడు తాటాకు బుట్టలు అల్లినవాళ్ళు, కొబ్బరాకుతో బూర చుట్టినవాళ్ళు, ముంజెకాయల బండి తోలినవాళ్ళు. ఆ చేతులకు పైన్ ఆకు కొత్త సరుకే గానీ కొత్త పని కాదు. మనవరాలి భాష సగమే అర్థమైనా, అల్లిక దగ్గర ఇద్దరికీ ఇబ్బంది ఉండదు. ఫిన్లాండ్ పిల్లలు పైన్, స్ప్రూస్ కాయలకు నాలుగు పుల్లలు గుచ్చి ఆవుల మందలు చేసి, పుల్లలతో దొడ్డి కట్టి ఆడుకునే అలవాటు తరతరాలుగా ఉంది. దానికి జిగురు కూడా అక్కర్లేదు. మన ముంజెకాయల బండి తోలినవాళ్ళకు ఆ ఆవు చేయడం నిమిషం పని.

సామర్లకోట నుంచి హిమాలయానికి

చీర్ పైన్ శాస్త్రీయ నామం పైనస్ రాక్స్‌బర్గై. 1897లో అమెరికన్ వృక్షశాస్త్రవేత్త చార్లెస్ సార్జెంట్ పెట్టిన పేరు. ఆ రాక్స్‌బర్గ్ మనకు దగ్గరివాడు. స్కాట్లండ్‌లో పుట్టిన డాక్టర్ విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి గోదావరి సీమలోని సామర్లకోటలో ఉండి తోట వేసి మొక్కలను పరిశీలించాడు. 1793లో కలకత్తా బొటానికల్ గార్డెన్‌కు వెళ్ళాడు. 1795 నుంచి మూడు సంపుటాలుగా వెలువడిన ఆయన కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకంలో తెలుగు పేర్లు కూడా ఉన్నాయి. అందులోని బొమ్మలు గీసింది మన దేశపు చిత్రకారులు. ఆకు అంచు, గింజ కోత, పువ్వు లోపలి భాగాలు విడివిడిగా గీసిన ఆ పద్ధతిని పిల్లలకు ఇప్పుడూ నేర్పవచ్చు. మొదట కాయను ఉన్నది ఉన్నంత కొలతలో గీయాలి. తరవాత ఒక్క పొలుసును విడదీసి గీయాలి. బొమ్మ చేయడం ఆ తరవాత మాట. గీసేటప్పుడు పొలుసు చివర ముల్లు ఉందా, ఎటు వంగింది, గింజ కూర్చున్న గుంట ఎక్కడ అన్నవి చూడక తప్పదు.

పైన్ లేని ఊళ్ళో

అరకు, చింతపల్లి వైపు మన్యంలో అక్కడక్కడా పెంచిన పైన్ తోటలున్నాయి. మైదానంలో పైన్ లేదు. ఉన్నది సరుగుడు. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా తీరం వెంట సరుగుడు తోటలే. చూపుకు పైన్‌లాగే ఉంటుంది, గాలికి అలాగే హోరుమంటుంది, కింద బుల్లి కాయలు రాలి ఉంటాయి. పైన్‌కు సరుగుడు బంధువే కాదు. అది పూలు పూసే చెట్టు. మనం ఆకులనుకునేవి ఆకులు కావు, సన్నని కొమ్మలు. పుల్లను దగ్గరగా చూస్తే కణుపులు కనిపిస్తాయి. కణుపు దగ్గర మెల్లగా లాగితే ఊడుతుంది. అక్కడ దంతాల్లాంటి చిన్న పొలుసులు వలయంగా ఉంటాయి, అవే అసలు ఆకులు. ఊడదీసిన ముక్కను తిరిగి అదే చోట అమర్చి, ఎక్కడ ఊడిందో చెప్పుకోమని పక్కవాణ్ణి అడిగే ఆట తీరప్రాంతంలో పెరిగినవాళ్ళు చాలామంది ఆడే ఉంటారు.

పైన్ కాయనూ సరుగుడు కాయనూ పక్కపక్కన పెట్టి పోలికలు, తేడాలు రాయించడం ఒక గంట పాఠానికి సరిపోతుంది. రెండింటినీ నీళ్ళలో వేయండి. ఏది ముడుచుకుంటుంది, ఏది కాదు, ఎంతసేపట్లో అన్నది పిల్లలే గడియారం చూసి రాసుకోవాలి. సరుగుడు వేళ్ళ బుడిపెల్లో ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని చెట్టుకు పట్టి ఇస్తుంది. ఇసుక నేలలో కూడా సరుగుడు ఏపుగా పెరగడానికి కారణాల్లో అదొకటి.

నర్సరీల్లో క్రిస్మస్ చెట్టు పేరుతో అమ్మే అరౌకేరియా కూడా అసలు పైన్ కాదు. అందులో కుక్ పైన్ అనే జాతి వంకర మీద 2017లో ‘ఎకాలజీ’ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్న చెట్లు దక్షిణానికి, దక్షిణాన ఉన్నవి ఉత్తరానికి సగటున 8 డిగ్రీలకు పైగా ఒరుగుతాయని అందులో తేలింది. మీ వీధిలో ఎత్తుగా పెరిగిన చెట్టుంటే దారానికి రాయి కట్టి వేలాడదీసి, దిక్సూచితో ఏ దిక్కుకు ఒరిగిందో చూడమనండి. నిటారుగా ఉంటే అది నార్ఫోక్ జాతి కావచ్చు.

కొన్ని జాగ్రత్తలు. చెట్టు మీది కాయ కోయవద్దు, రాలినవే ఏరాలి. అభయారణ్యాలు, జాతీయ పార్కుల్లో రాలినవి కూడా తీయకూడదు. విదేశాల నుంచి వచ్చేటప్పుడు కాయలూ గింజలూ పెట్టెలో వేసుకురావద్దు, మొక్కల క్వారంటైన్ నిబంధనలున్నాయి. ఇంటికి తెచ్చినవాటిని రెండు మూడు రోజులు మంచి ఎండలో పెడితే పురుగులు పోతాయి. చేతికి బంక అంటితే కొబ్బరి నూనె రాసి తుడవాలి. ఎండు కాయ, ఎండు ఆకు ఇట్టే అంటుకుంటాయి కనుక దీపాలకు, కొవ్వొత్తులకు దూరంగా ఉంచాలి.

తీరప్రాంత స్కూళ్ళ సైన్సు టీచర్లకు ఒక మనవి. వేసవి సెలవులకు ముందు ఒక పూట ఆరో తరగతి పిల్లలను దగ్గర్లోని సరుగుడు తోటకు నడిపించండి. నోటు పుస్తకం, పెన్సిలు, కొలబద్ద ఉంటే చాలు. ముందుగా అడిగితే రైతులు కాదనరు, రాలిన నాలుగు కాయలకు ఎవరూ అడ్డు చెప్పరు.